ఏసీ సర్వీసు షాపులో గంటల లెక్క: నా అనుభవం

విజయవాడలో మా అన్నయ్యకు ఏసీ సర్వీసు షాపు ఉంది. ఏసీలు అమ్మడు. రిపేరు, సర్వీసింగు, కొత్తవి బిగించడం, ఇల్లు మారేవాళ్లకు ఊడదీసి మళ్లీ బిగించడం, ఇవే పనులు. ఆరుగురు మెకానిక్‌లు, వాళ్లకు హెల్పర్లు, బైకులు, పెద్ద సామాన్లకు ఒక ట్రాలీ ఆటో. ఫోను దగ్గర వదిన కూర్చుంటుంది. నేను హైదరాబాద్ హైటెక్ సిటీలో ఒక కాల్ సెంటర్‌లో పనిచేసి, పెళ్లయ్యాక ఇటు వచ్చి షాపులో చేరాను. అక్కడ నేను ఫోన్లు మాట్లాడేదాన్ని కాదు. ఏ రోజు ఏ అరగంటలో ఎన్ని కాల్స్ రావచ్చో ముందుగా లెక్కవేసి, ఆ అరగంటకు ఎంతమంది సీట్లలో ఉండాలో రోస్టర్ వేసే టీమ్‌లో ఉండేదాన్ని.

ఆ లెక్కను ఇంత చిన్న షాపుకు తెచ్చుకుని ఏం చేశామో రాస్తున్నాను. వాటర్ ఫిల్టర్లు, వాషింగ్ మెషీన్లు, సీసీ కెమెరాలు బాగుచేసేవాళ్లకు, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనులు పట్టేవాళ్లకు ఇందులో చాలా భాగం నేరుగా పనికొస్తుందని నా నమ్మకం.

సరుకు అమ్మే షాపులో మార్చిలో అమ్ముడుపోని పెట్టె ఏప్రిల్‌లో పోతుంది. మెకానిక్ గంటను అలా దాచలేం. డిసెంబరులో షాపు ముందు కుర్చీలో గడిచిపోయిన గంటను తీసుకెళ్లి మే నెలలో వాడుకునే దారి లేదు. మాకేమో పనంతా ఎండాకాలంలోనే. ఉగాది దాటగానే ఫోన్లు మొదలవుతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తె నాటికి వదిన ఫోను కింద పెట్టడానికి కూడా ఉండేది కాదు. తొలకరి పడ్డాక పని తగ్గుతూ వస్తుంది, చలికాలంలో ఒక్కోరోజు ఫోనే మోగదు.

నేను చేరేసరికి షాపులో ఉన్నది ఒక లాంగ్ నోట్‌బుక్. ఫోన్ రాగానే పేరు, ఏరియా, "ఏసీ రిపేరు" అని రాయడం, "రేపు పంపిస్తామండీ" అనడం. ఆ రేపటి కోసం కస్టమర్ ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటాడు. మధ్యాహ్నానికి ఒకసారి, సాయంత్రానికి మరోసారి ఫోన్ చేస్తాడు. మే నెలలో వదిన ఎత్తే ఫోన్లలో చాలావరకు కొత్త పనులు కావు, "మా మనిషి ఎక్కడిదాకా వచ్చాడు" అని అడిగే పాతవాళ్లవే. ఆ ఫోన్లకు జవాబు చెప్పడానికి ఆమె మెకానిక్‌లకు ఫోన్ చేయాలి. నిచ్చెన మీద ఉన్నవాడు కిందికి దిగి ఫోన్ ఎత్తాలి. ఆలస్యం వల్ల ఫోన్లు, ఫోన్ల వల్ల మళ్లీ ఆలస్యం. అన్నయ్యకు రాత్రిళ్లు నిద్ర కూడా సరిగా పట్టేది కాదు, అంత టెన్షన్.

ముందుగా గంటలు ఎక్కడ పోతున్నాయో చూద్దామన్నాను. ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, ప్రతి పనికీ మూడు మాటలు చెప్పమన్నాం: బయలుదేరాను, చేరాను, అయిపోయింది. టైపు చేయక్కర్లేదు, వాయిస్ పెడితే చాలు. సమయం ఎలాగూ అందులోనే కనబడుతుంది. మధ్యలో ఆగాల్సి వస్తే ఎందుకో ఇంకో మాట. ఈ సంగతి చెప్పిన రోజు అందరి ముఖాలూ ముడుచుకుపోయాయి. మా సీనియర్ మెకానిక్‌ను మేమంతా బాబాయ్ అంటాం. ఆయన మొహమాటం లేకుండా అడిగేశాడు: "ఏంటమ్మా, మమ్మల్ని కాపలా కాయడానికా ఇది?"

అది అడగాల్సిన ప్రశ్నే. ఈ లెక్కకూ జీతానికీ సంబంధం ఉండదని, మనిషి పేరు మీద లెక్క తీయబోమని, వచ్చినదంతా ముందు వాళ్లకే చూపిస్తామని అన్నయ్య చేత అందరి ముందూ చెప్పించాను. ఆ మాట నిలబెట్టుకున్నాం కాబట్టే తర్వాతి మార్పులన్నీ సాధ్యమయ్యాయి. పనిచేసేవాళ్ల నమ్మకం లేకుండా తీసిన లెక్క అబద్ధాల లెక్కే అవుతుంది. చేరకముందే "చేరాను" అంటారు, తప్పు వాళ్లది కాదు.

గ్రూపులో వచ్చినదంతా కాగితం మీద లెక్కవేస్తే తేలింది ఇది: పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా బయట ఉన్న మనిషి చేతులు ఏసీ మీద ఉన్నది అందులో సగం సమయం కూడా లేదు. మిగతాదంతా ఊళ్లో అటూ ఇటూ తిరగడం, స్పేర్ పార్టుల షాపు కౌంటరు దగ్గర నిలబడటం, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ పైకి ఫోన్ చేసి అడిగేదాకా ఆగడం, ఇంటికి తాళం చూసి వెనక్కి రావడం. అన్నింటికంటే ఎక్కువగా, ఒకే ఇంటికి రెండోసారి వెళ్లడం. నిచ్చెన లేక ఒకసారి, కెపాసిటర్ (మోటారు తిరగడానికి సాయపడే చిన్న పార్టు) లేక ఒకసారి, గ్యాస్ సిలిండరు వేరేది కావాల్సి వచ్చి ఒకసారి. బద్ధకం ఖాతాలో వేయడానికి ఒక్క గంట కూడా దొరకలేదు. ఆ కాగితం చూపించినప్పుడు బాబాయ్ చాలాసేపు చూసి, "ఈ ఎండలో నేను ఇంత తిరుగుతున్నానని నాకే తెలీదమ్మా" అన్నాడు.

అక్కడి నుంచి మా దృష్టంతా రెండో ట్రిప్పు మీద పెట్టాం. పని చేసే వేగం జోలికి పోలేదు. స్ప్లిట్ ఏసీని నీళ్లతో శుభ్రంగా సర్వీసు చేయడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. దాన్ని అరగంటకు కుదిస్తే లోపలి కాయిల్ సరిగా కడగకుండా వచ్చేస్తారు. తిరిగే గంటలు అన్ని ఉండగా పనిచేసే గంటను కోయడం ఎందుకు?

రెండో ట్రిప్పు తగ్గేది మొదట ఫోన్ దగ్గరే. బాబాయ్‌నీ వదిననీ కూర్చోబెట్టి ఒక ప్రశ్నల కాగితం రాయించాను. ఇండోర్ యూనిట్ పక్కనా, అవుట్‌డోర్ యూనిట్ మీదా ఉండే స్టిక్కర్లు ఫొటో తీసి పంపమనాలి. అవుట్‌డోర్ యూనిట్ బాల్కనీలో ఉందా, డాబా మీద ఉందా, బయటి గోడకు వేలాడుతోందా? ఎన్నో అంతస్తు? అసలు ఆన్ కావట్లేదా, గాలి వస్తున్నా చల్లదనం లేదా, నీళ్లు కారుతున్నాయా, డిస్‌ప్లేలో ఏదైనా కోడ్ చూపిస్తోందా? ఇంట్లో ఏ సమయానికి ఎవరుంటారు? అపార్ట్‌మెంట్‌లో పనివాళ్లను ఎప్పుడు లోపలికి రానిస్తారు?

ఆ స్టిక్కరు ఫొటో చేసిన మేలు అంతా ఇంతా కాదు. పాత ఏసీల్లో ఆర్‌-22 గ్యాస్ ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన చాలావాటిలో ఆర్‌-410ఏ, ఇప్పటి ఇన్వర్టర్ ఏసీల్లో ఎక్కువగా ఆర్‌-32. ఓజోన్ పొర కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద ఆర్‌-22ను మన దేశంలో దశలవారీగా తగ్గిస్తున్నారు. కానీ ఇళ్లలో ఆ ఏసీలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి కాబట్టి మూడు రకాలూ మా దగ్గర ఉండాల్సిందే. ఒకదాని బదులు ఇంకొకటి పట్టకూడదు. ఆర్‌-32కు కొద్దిగా మండే గుణం ఉంది, దాని జాగ్రత్తలు వేరు. స్టిక్కరులో గ్యాస్ రకం, ఎన్ని గ్రాములు పట్టాలో కూడా రాసి ఉంటుంది. అది ముందే తెలిస్తే సరైన సిలిండరు, తూకం యంత్రం బండి మీదే వెళ్తాయి. అవుట్‌డోర్ గోడకు వేలాడుతోందని తెలిస్తే సేఫ్టీ బెల్టుతో ఇద్దరు వెళ్తారు. లేకపోతే ఒంటరిగా వెళ్లినవాడు ఉత్తచేతులతో తిరిగొస్తాడు. ఇంకా ఘోరమేంటంటే, బెల్టు లేకుండానే కిటికీ పట్టుకుని దిగుతాడు. ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం వేసేది అదే.

ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాక కొన్ని పనులు ఫోన్‌లోనే అయిపోయాయి. రిమోట్ పొరపాటున ఫ్యాన్ మోడ్‌లో ఉంటుంది. ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ మూడు నిమిషాలు ఆగి మొదలవుతుంది, ఆలోగా కంగారుపడి ఫోన్ చేస్తారు. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది, తీసి నల్లా కింద కడగమని చెబితే చాలు. "వెళ్తే విజిటింగ్ చార్జి వచ్చేది కదా" అన్నాడు అన్నయ్య. మే నెలలో ఆ గంటకు ఇంకో నిజమైన పని ఎదురుచూస్తూ ఉంటుంది. ఫోన్‌లోనే సాయం పొందిన ఇల్లు మరుసటి సంవత్సరం సర్వీసింగుకు మాకే ఫోన్ చేస్తుంది. ఇది నేను లెక్కతో చెప్పాను, వదిన మాత్రం "ఊరికే డబ్బు తీసుకోవడం బాగోదు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

తర్వాత సంచి. ఏ వస్తువు లేక వెనక్కి వచ్చారో గ్రూపులో ఉంది కదా, బాబాయ్ ఆ జాబితా చూసి ప్రతి బండికీ ఒకే రకం కిట్టు కుదిర్చాడు. కంప్రెసర్‌కు వాడే కెపాసిటర్లలో తరచూ పోయే సైజులు, ఫ్యాన్ కెపాసిటర్లు, గది టెంపరేచర్ చూసే సెన్సర్లు, గ్యాస్ గొట్టాలు బిగించే ఫ్లేర్ నట్లు, డ్రెయిన్ పైపు, ఇన్సులేషన్, టేపు. ఇవన్నీ చవకైన వస్తువులు. ఇవి లేకపోవడం వల్లే మాకు ఎక్కువ ట్రిప్పులు పోయేవి. పీసీబీల (ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డుల) సంగతి వేరు, మోడల్ మారితే బోర్డు మారుతుంది, వాటిని నిల్వ పెట్టుకోలేం. స్టిక్కరు ఫొటో, కోడ్ చూసి అనుమానం వస్తే ముందే స్పేర్ షాపుకు ఫోన్ చేసి పార్టు ఉందో లేదో కనుక్కుంటాం. సంచి మూత లోపల జాబితా అంటించి ఉంటుంది. రాత్రి వెళ్లే ముందు హెల్పర్ అది చూసి నింపాలి.

ఇక ఊరు. విజయవాడ మ్యాపు మీద దూరాలు చిన్నవే. కానీ ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, రైలు పట్టాలు, కొండలు ఊరిని ముక్కలు చేస్తాయి. సాయంత్రం పూట వన్‌టౌన్ నుంచి పటమట వెళ్లేలోపు ఒక సర్వీసింగు అయిపోతుంది. అందుకని కిలోమీటర్లు పక్కన పెట్టి, కాలువలు, పట్టాలు వీలైనంత తక్కువగా దాటేలా ఏరియాలు పంచాం. భవానీపురం, గొల్లపూడి వైపు ఒకటి. సత్యనారాయణపురం, సింగ్‌నగర్ ఒకటి. గవర్నర్‌పేట, మొగల్రాజపురం, గుణదల ఒకటి. పటమట, కానూరు, పోరంకి ఒకటి. కృష్ణ అవతల తాడేపల్లికి వారంలో కొన్ని రోజులు మాత్రమే అని ముందే చెప్పేస్తాం. వీలైనంతవరకు మనిషి ఇంటికి దగ్గరి ఏరియానే ఇచ్చాం. పొద్దున షాపుకు వచ్చి సంతకం పెట్టే పద్ధతి తీసేశాం, ఇంటి నుంచి నేరుగా మొదటి పనికి వెళ్తారు. ఆ ఒక్క మార్పుకే మెకానిక్‌ల ఇళ్లలో వాళ్లు ఎంత సంతోషించారో చెప్పలేను.

"రేపు" అనే మాట మానేసి సమయాలు ఇచ్చాం: పొద్దున, మధ్యాహ్నం లోపు, మూడు తర్వాత, సాయంత్రం. ఒక్కోటి రెండున్నర గంటల నిడివి. కచ్చితంగా పదకొండింటికి అని చెప్పడం ఈ పనిలో కుదరదు, లీకు ఎంతసేపటికి దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. డాబా మీది పనులన్నీ ఎండాకాలంలో తెల్లవారు ఆరు నుంచి పది లోపే. మధ్యాహ్నం ఇండోర్ పనులు, నీడపట్టు పనులు. కస్టమర్లు ఒప్పుకోరేమో అనుకున్నాం. "మా కుర్రాళ్లకు వడదెబ్బ తగులుతుందండీ" అని వదిన చెబితే ఒక్కరూ కాదనలేదు, తెల్లవారే మజ్జిగ ఇచ్చి పంపినవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తుంది. అవి చూసి మరుసటి రెండు మూడు రోజుల పనులు సర్దుకుంటాం. ఎండ ఒక్కసారిగా పెరిగిన మర్నాడు ఫోన్లు పెరుగుతాయి, ఆ రోజులకు ముందుగా ఒప్పుకున్న మామూలు సర్వీసింగులను అడిగి వెనక్కి జరుపుతాం.

సమయం చెప్పాలంటే ఎన్ని రోజుల పని మన దగ్గర ఉందో తెలియాలి. దీనికి క్యూల లెక్కల్లో ఒక సులువైన సూత్రం ఉంది. 1961లో జాన్ లిటిల్ అనే ఆయన నిరూపించాడు. మాకు పనికొచ్చే రూపంలో చెప్పాలంటే, మిగిలిన పనులను రోజుకు పూర్తిచేసే పనులతో భాగిస్తే కొత్తగా ఫోన్ చేసినవాళ్లు ఎన్ని రోజులు ఆగాలో వస్తుంది. 60 పనులు మిగిలి, రోజుకు 24 అవుతుంటే రెండున్నర రోజులు. వదిన రోజూ సాయంత్రం ఈ భాగహారం చేసి బోర్డు మీద రాస్తుంది. మర్నాడు ఫోన్ చేసినవాళ్లకు ఆ మాటే చెబుతుంది. "మూడు రోజులు పడుతుందండీ" అంటే కొందరు వేరేవాళ్లను చూసుకుంటారు. వెళ్లనివ్వాలి. ఆగినవాళ్లకు చెప్పిన రోజున మనిషి వెళ్తాడు.

అన్నింటికంటే కష్టంగా ఒప్పించింది, ఖాళీ ఉంచడం. మెకానిక్‌లందరి రోజూ నిండా రాసేయకుండా, ఒక మనిషి మధ్యాహ్నాన్ని ఏ పనీ రాయకుండా వదలాలన్నాను. అన్నయ్యకు కోపం వచ్చింది. "మే నెలలో మనిషిని ఖాళీగా కూర్చోబెట్టమంటావా? నీకు షాపు సంగతి తెలీదు" అన్నాడు.

దీని వెనక ఉన్న లెక్క వందేళ్ల నాటిది. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే గణితవేత్త కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి లైను దొరక్కుండా పోతుందో, ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్కకట్టాడు. ఆయన మొదటి పత్రం 1909లో, పేరుపొందిన సూత్రాలు 1917లో వచ్చాయి. కాల్ సెంటర్ల రోస్టర్లు ఇవాళ్టికీ వాటి మీదే నడుస్తాయి. అన్నయ్యకు నేను చెప్పింది ఆ శాస్త్రంలో మొట్టమొదట నేర్పే ఉదాహరణ. ఒకే మనిషి ఉన్నాడు. పనులు ఎప్పుడు వస్తాయో తెలియదు, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో తెలియదు. అతని సమయంలో 80 శాతం నిండితే కొత్తగా వచ్చిన పని సగటున నాలుగు పనులంత సమయం ఆగాలి. 90 శాతం నిండితే తొమ్మిది పనులంత. 95 శాతానికి పంతొమ్మిది. మనుషులు ఎక్కువ ఉంటే ఈ అంకెలు తగ్గుతాయి, కానీ చివర్లో ఒక్కసారిగా పైకి లేచే తీరు మారదు. అంటే చివరి కాస్త ఖాళీని కూడా పనితో నింపేస్తే దొరికేది కొద్దిపాటి ఆదాయం, పోయేది అందరికీ ఇచ్చిన మాట. బందరు రోడ్డు బండ్లతో పూర్తిగా నిండిపోతే ఎన్ని బండ్లు కదులుతాయో గుర్తుచేసుకోమన్నాను. అన్నయ్య వెంటనే ఒప్పుకోలేదు, కొన్నాళ్లు చూద్దాం అన్నాడు.

ఆ ఖాళీ మనిషి నిజానికి ఖాళీగా ఉండేది చాలా తక్కువ. ఎక్కడైనా లీకు దొరక్క పని సాగితే, ఆ మెకానిక్ తర్వాతి ఇంటికి ఇతను వెళ్తాడు. నర్సింగ్ హోమ్ నుంచి, పసిబిడ్డ ఉన్న ఇంటి నుంచి, మంచం మీద ఉన్న పెద్దవాళ్ల ఇంటి నుంచి ఫోన్ వస్తే ఇతను వెళ్తాడు. ఏమీ లేకపోతే ఇద్దరు కావాల్సిన పనికి రెండో చేయి అవుతాడు. "ఎక్కడిదాకా వచ్చారు" అనే ఫోన్లు తగ్గడం మొదలయ్యాక అన్నయ్య ఆ మధ్యాహ్నం జోలికి రాలేదు. ఇప్పుడు ఎవరైనా దాంట్లో పని రాయబోతే తనే అడ్డుపడతాడు.

సెలవులను కూడా మొదటినుంచే లెక్కలో పెట్టాం. ఆరుగురు ఉన్నారు కదా అని ఆరుగురి గంటలు లెక్కవేస్తే ఏ రోజూ సరిపోవు. వారం సెలవు ఉంటుంది, జ్వరాలుంటాయి, ఎండాకాలంలోనే పెళ్లి ముహూర్తాలు ఉంటాయి, పల్లెల్లో జాతరలు ఉంటాయి. ఉగాదికి ముందే ఎవరింట్లో ఏ శుభకార్యం ఉందో తేదీలు అడిగి గోడ క్యాలెండర్ మీద రాస్తాం. ముందే చెప్పిన సెలవు తప్పకుండా ఇస్తాం.

డబ్బు విషయం సున్నితమైనది. ఇదివరకు జీతం మీద కాల్‌కు, అంటే వెళ్లి చేసిన ఒక్కో పనికి, ఇంత అని ఇచ్చేవాళ్లం. ఎన్ని ఎక్కువ తిరిగితే అంత. ఈ పద్ధతి మంచి మెకానిక్‌ను కూడా తొందరపెడుతుంది. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకాలంటే నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, సబ్బునురగ రాసి, ఓపిగ్గా చూడాలి. ఆ తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలిని, తేమను లాగేయాలి. ఇదంతా వదిలేసి గ్యాస్ పట్టి వచ్చేస్తే ఆ రోజుకు గది చల్లబడుతుంది, కాల్ లెక్కలో పడుతుంది. కొన్నాళ్లకు అదే ఇంటి నుంచి ఫోన్. కస్టమర్‌కు మళ్లీ ఖర్చు, మాకు ఎండాకాలపు గంట మళ్లీ పోయినట్టు. తేమ లోపల ఉండిపోతే కంప్రెసరే దెబ్బతింటుంది. "ప్రతి ఎండాకాలం గ్యాస్ పట్టించాల్సిందే" అని జనంలో ఉన్న నమ్మకం ఇలాంటి తొందర పనుల వల్లే వచ్చిందని నా అభిప్రాయం.

అందుకని 30 రోజుల్లో అదే ఫిర్యాదుతో తిరిగి ఫోన్ రాని పనికే ఇన్సెంటివ్ అన్నాం, ఒక్కో పనికి ఇచ్చే మొత్తం పెంచాం. కుర్రాళ్లు ఒప్పుకోలేదు. వోల్టేజీ ఎగిరి బోర్డు పోతే మా తప్పా అన్నారు. అడిగింది సబబే. అందుకే తిరిగొచ్చిన ప్రతి పనినీ బాబాయ్, ఇంకో మెకానిక్ కలిసి చూసి తేలుస్తారు, అన్నయ్యా నేనూ ఆ తీర్పులో వేలు పెట్టం. మారే నెలల్లో ఎవరి చేతికీ అంతకుముందు వచ్చినదానికంటే తక్కువ రాదని అన్నయ్య మాటిచ్చాడు. వాక్యూమ్ పంపులు ఇంకో రెండు కొన్నాం, పంపు కోసం ఒకరి మీద ఒకరు ఆధారపడితే ఎవరూ వాడరు కాబట్టి. ఇప్పుడు చిన్నవాళ్లు తేలని లీకు దగ్గర ఆగి బాబాయ్‌కి వీడియో కాల్ చేసి అడుగుతున్నారు. కాల్‌కు ఇంత అన్న రోజుల్లో ఎవరూ ఎవరినీ అడిగేవాళ్లు కాదు.

గంటలను దాచలేం అన్నాను, కానీ పనిని జరపొచ్చు. ఎండాకాలంలో వచ్చే ఫోన్లలో చాలావాటికి మూలం నెలల తరబడి వాడకుండా ఉన్న ఏసీ. డ్రెయిన్ పైపులో బూజు, కాయిల్ మీద దుమ్ము, వదులైన వైరు. అవి జనవరి, ఫిబ్రవరిలోనే చూసుకుంటే మే నెలలో ఆ ఇంటి నుంచి ఫోన్ రాదు. కాబట్టి చలికాలంలో సర్వీసింగు ధర తగ్గించి, పాత నోట్‌బుక్‌ల్లోని నంబర్లకు వదిన స్వయంగా ఫోన్ చేయడం మొదలుపెట్టింది. మెసేజ్‌లకు రాని స్పందన ఆమె గొంతుకు వచ్చింది. ఆఫీసులు, నర్సింగ్ హోమ్‌లు, ఫంక్షన్ హాళ్లతో ఏడాది ఒప్పందాలు పెట్టుకున్నాం. వాటిలో ఏ నెలలో ఏ పని అన్నది మేమే నిర్ణయిస్తాం, ఒప్పందంలో మాకు అన్నిటికంటే విలువైన షరతు అది. కానూరు, పోరంకి వైపు కాలేజీ హాస్టళ్ల పని దసరా సెలవులకు పెట్టాం. అప్పుడు గదులు ఖాళీగా ఉంటాయి. ఇంద్రకీలాద్రి చుట్టూ భక్తుల రద్దీ, ట్రాఫిక్ మళ్లింపులతో వన్‌టౌన్ వైపు ఎలాగూ పని సాగదు. సంక్రాంతికి కూడా హాస్టళ్లు ఖాళీయే కానీ, ఆ మూడు రోజులు మా వాళ్లంతా ఊళ్లకు వెళ్తారు, వెళ్లాలి కూడా.

ఏ ప్రణాళికకూ అందనిది 2024 సెప్టెంబరులో వచ్చింది. బుడమేరు వరదకు సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక ఫోన్లు ఆగలేదు. అప్పుడు ధర, వరుస అన్నీ పక్కన పెట్టి, ఆ ఏరియా కాల్ షీట్లలో (ఫోన్‌లో అడిగిన ప్రశ్నల జవాబులు రాసుకున్న కాగితాల్లో) ఉన్న పాత కస్టమర్లందరికీ మేమే ఫోన్ చేసి, "తడిసిన యూనిట్‌కు స్విచ్ వేయకండి, మేం వచ్చి చూసేదాకా ఆగండి" అని చెప్పాం. అవుట్‌డోర్ ఎక్కడ ఉందో షీట్లలో రాసి ఉండటం వల్ల, ఎవరి యూనిట్లు కింద ఉన్నాయో, ఎవరివి డాబా మీద ఉండి తప్పించుకున్నాయో షాపులో కూర్చునే తెలిసింది. మిగతా ఏరియాల వాళ్లను ఫోన్ చేసి ఆగమని అడిగాం, ఆగారు. ఆ వారాల్లో మా కుర్రాళ్లు బురదలో చేసిన పనిని నేను ఏ లెక్కలోనూ పెట్టలేను.

ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని చాలామంది అడుగుతారు. గోడ మీద తెల్ల బోర్డు, వాట్సాప్ గ్రూపు, గూగుల్ షీటు. ఇలాంటి షాపుల కోసం యాప్‌లు ఉన్నాయి, మంచివే. కానీ ఏం అడగాలో, ఏం రాయాలో తేలకముందు యాప్ కొంటే దాంట్లో కూడా "ఏసీ రిపేరు" అనే రాస్తారు.

ఇంకా తెగనివి ఉన్నాయి. పార్టు బయట ఊరి నుంచి రావాల్సి ఉంటే ఆ ఏసీ విప్పిన స్థితిలో రోజులు ఉండిపోతుంది, కస్టమర్‌కు ఏ తేదీ చెప్పాలో మా చేతిలో ఉండదు. ఆదివారం అందరికీ కావాలి, మా వాళ్లకూ ఆదివారం కావాలి. వంతులు వేశాం కానీ ఎవరికీ పూర్తి తృప్తి లేదు. ఇప్పుడు మా ముందున్న పెద్ద నిర్ణయం ఏడో మెకానిక్. మే నెల చూస్తే కావాలి, డిసెంబరు చూస్తే అతనికి పని లేదు. ఎండాకాలానికి తీసుకుని తొలకరికి పంపేయడం మాకు ఇష్టం లేదు, అలా వచ్చిపోయే మనిషి చేతి పనికి 30 రోజుల హామీ ఇవ్వలేం. ఏడాది పొడవునా నడిచేవి మెడికల్ షాపుల ఫ్రిజ్‌లు, స్వీటు షాపుల డీప్ ఫ్రీజర్లు. బాబాయ్ ఇద్దరు హెల్పర్లకు ఆ పని నేర్పుతున్నాడు. ఈ చలికాలంలో అది ఎన్ని గంటలు నింపుతుందో చూసి, సంక్రాంతి తర్వాత ఏడో మనిషి సంగతి అన్నయ్యా నేనూ కూర్చుని తేలుస్తాం.